మా వైపు పొడిగానే ఉంది

కిందటి వారం ఓనరమ్మ చేతికర్రతో పుస్తకాల బైండరు తలుపు తట్టి, "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి" అని ఒక్కమాటలో తేల్చేసిన దగ్గర ఆగాం. ఆ మాట అన్నది బైండరుని, అతని భార్యని. విని చేతిలో కుట్టు వదిలేసింది మాత్రం పక్కవాటాలో ఉన్న మన టైలరమ్మ. ఎందుకో మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం.

ఇల్లు చిన్నది, పాతది. ఓనరమ్మ తాతగారు కట్టించింది. మూరెడు మందం గోడలు, తల వంచితే తప్ప దాటనివ్వని గుమ్మాలు, అడుగు వేస్తే మూలిగే చెక్కమెట్లు. పాత కట్టడాల జాబితాలో చేరిన ఇల్లు కాబట్టి బయట ఒక్క పెంకు కూడా మార్చడానికి వీల్లేదు. లోపల మాత్రం ఓనరమ్మ ముచ్చటపడి అన్నీ కొత్తవి పెట్టించింది. తిప్పగానే వేడినీళ్ళొచ్చే కుళాయి, గాజుపలక పొయ్యి, అద్దాల తలుపున్న స్నానాల గది. ముత్తవ్వకి కొత్త పళ్ళసెట్టు కట్టించినట్టుండేది గానీ, టైలరమ్మ చూసిన రోజే ఆ ఇంటిమీద మనసు పారేసుకుంది.

అద్దెకిచ్చేటప్పుడు ఓనరమ్మ పెట్టిన షరతు ఒక్కటే. రెండు వాటాల మధ్యనున్న గోడకి సున్నం తప్ప ఇంకేదీ వెయ్యకూడదు. "కింద నేలలో చెమ్మ ఉంది. గోడ దాన్ని పీల్చుకుని రెండు వైపులా గాలికి వదిలేస్తుంది. దానికి ఊపిరాడనివ్వండి, అంతే చాలు" అంది. టైలరమ్మ బుద్ధిగా తలూపింది.

తలూపిన మనిషి ఏం చేసిందయ్యా అంటే, ఆమె కుట్టేది లాయర్ల నల్లకోట్లు. నల్లకోటు సున్నం గోడకి ఇలా ఆనిందా, అలా తెల్లబడుతుంది. ఓ లాయరు వీపంతా తెల్లగా కోర్టుకెళ్ళి నవ్వులపాలై, తిరిగొచ్చి కోటు ఆమె బల్లమీదకి గిరాటేసి పోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మొగుడు బేకరీలో ఉన్న ఓ మధ్యాహ్నం పెయింటర్ని పిలిపించి, తన వైపు గోడకి తెల్లటి ప్లాస్టిక్ పెయింటు దట్టంగా వేయించేసింది. చూడ్డానికి సున్నంలాగే ఉంది. మొగుడితో "సున్నం కొట్టించా" అంది. ఆయన "బాగుంది" అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకుంది.

ఇటువైపు దారి మూసుకుపోయిన చెమ్మంతా అటువైపు తిరిగింది. అటువైపు ఉన్నవి బైండరు కాగితాలు, అట్టలు, ఏడోనెల కడుపుతో అతని భార్య.

*

ఖాళీ చెయ్యమన్న మర్నాడు ఓనరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి అరవడానికి కాదు, చూడ్డానికి. "గోడని కళ్ళతో చూడకుండా నోరు పారేసుకున్నానని రేపు నన్నెవరూ అనకూడదు" అంటూ బైండరు వాటాలోకి వెళ్ళి, అక్కణ్ణుంచే కేకేసింది.

"టైలరమ్మా, నువ్వూ ఓసారి రా. పక్కవాటా మనిషివి, సాక్షిగా ఉంటావు."

సాక్షి అన్న మాట వినగానే టైలరమ్మ గుడ్డ కత్తిరించడం ఆపేసింది. కత్తెర బల్లమీద పెట్టింది. మెడలో వేలాడే టేపు తీసింది. మళ్ళీ వేసుకుంది. ఇక వెళ్ళక తప్పదు కాబట్టి వెళ్ళింది.

బైండరు గదిలో అడుగు పెట్టగానే తడి అట్టల వాసన ముక్కుకి కొట్టింది. మధ్యగోడ నేలనుంచి ఛాతీ ఎత్తుదాకా మట్టిరంగుకి తిరిగింది. దానిపైన బూజు నల్లగా చుక్కలు పెట్టింది. సున్నం పొరలు లేచి, చెయ్యి తగిలితే రాలుతోంది. గోడవార బల్లమీద లైబ్రరీ వాళ్ళు అట్టలు వెయ్యమని పంపిన పుస్తకాలున్నాయి. అడుగు వరస ఉబ్బిపోయి పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. బైండరు పల్చటి చెక్కబద్దతో ఒక్కో పేజీ విడదీస్తున్నాడు. మూల స్టూలుమీద కూర్చున్న భార్య లేవబోయింది.

"కూర్చో, కూర్చో. నా కోపం నీమీద గానీ నీ కడుపులో ఉన్నదాని మీద కాదు" అంది ఓనరమ్మ. కర్రతో గోడమూల చూపించింది. "ఇదిగో, ఇక్కడ. నన్నడక్కుండా బట్టలుతికే మెషిన్ తెచ్చి పెట్టారు. ఆ కుళాయికి మీ అంతట మీరే పైపు తగిలించారు. గోడలోకి నీళ్ళు కారక ఏమవుతుంది?"

"మెషిన్ తీసేశాం కదండీ" అన్నాడు బైండరు, పేజీమీంచి కళ్ళెత్తకుండా.

"నేను చూశాక తీసేశారు. చూడకపోతే తీసేవాళ్ళా?"

అతను మళ్ళీ పేజీమీదకి వంగాడు. భార్యవైపు చూడను కూడా చూడలేదు. ఆ చూడకపోవడం కావాలని చూడకపోవడమని టైలరమ్మకి అర్థమైంది. కాపురం చేసే ఆడదానికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఓనరమ్మ ఇటు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. మీ వైపు ఎలా ఉంది?"

టైలరమ్మ మెడలో టేపు సర్దుకుంది.

"మా వైపు పొడిగానే ఉందండి."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నిజంగానే పొడిగా ఉంది. టైలరమ్మ బతుకులో చెప్పని అబద్ధం లేదు. కోటు రేపు ఇస్తానని వారం తిప్పడం కుట్టుపని చేసేవాళ్ళు అబద్ధం కిందకే లెక్కెయ్యరు. కానీ ఆ అబద్ధాలన్నీ మూటగట్టినా ఇప్పుడు తను చెప్పిన నిజమంత నీచంగా లేవని ఆమెకి అప్పుడే తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడింది.

"విన్నారా?" అంది ఓనరమ్మ. "గోడ ఒకటే. అటు పొడి, ఇటు తడి. ఇంకేం చెప్పాలి నేను? ఎల్లుండి మళ్ళీ వస్తా. సామాను ఎప్పుడు కదుపుతారో చెప్పండి."

బైండరు భార్య తల ఇంకా కిందకి దిగింది. బైండరు ఇంకో పేజీ విడదీశాడు. అది సగానికి చిరిగింది.

*

ఓనరమ్మ అక్కడితో పోతే బాగుండేది. "పద, నీ వైపు కూడా చూసి పోతా" అంటూ టైలరమ్మ వెనకే వచ్చింది.

టైలరమ్మ గదిలో మధ్యగోడ వెంట కోట్లు తగిలించే పొడవాటి స్టాండు ఉంది. కోటుకీ కోటుకీ సందులోంచి గోడ తెల్లగా కనిపిస్తోంది. ఓనరమ్మ ముచ్చటగా చూసింది. చూసి ఊరుకోకుండా, రెండు కోట్ల మధ్యనుంచి వేలు చాపింది.

"వద్దండీ!" అంది టైలరమ్మ, గొంతు తనకే వింతగా వినిపించేలా. "చేతికి సున్నం అంటుకుంటుంది."

ఓనరమ్మ వేలు వెనక్కి తీసుకుని నవ్వింది. "అంటుకోకపోతే అది సున్నమెలా అవుతుందే! మా నాన్న ఏటా దగ్గరుండి కొట్టించేవాడు. నా గౌన్లన్నిటికీ వీపున తెల్లమచ్చలే."

టైలరమ్మ కూడా నవ్వింది. ఇందాకటిది అబద్ధమో కాదో అని తర్కించుకోవడానికైనా వీలుండేది. ఇది పచ్చి అబద్ధం. ఏ సున్నప్పొడి తన ప్రాణం తీస్తోందని గోడమీద పెయింటు వేయించిందో, ఆ పొడినే ఇప్పుడు అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడ తలుపుండేది, తెలుసా?" ఓనరమ్మ కర్రతో స్టాండు వెనక గోడమీద కొట్టి చూపించింది. మిగతా చోట్ల బండలా మోగే గోడ అక్కడ డొల్లగా మోగింది. "ఇల్లు రెండు వాటాలు చేసినప్పుడు మా నాన్న ఒంటి ఇటుక పేర్చి మూయించాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ తెరిపిస్తాను. ఆ గది కూడా నువ్వే తీసుకో. ఈ ఇరుకులో నీ మిషన్లెక్కడ సరిపోతాయి? చెప్పిన మాట వినే మనిషివి. నీకిస్తే నాకు నిశ్చింత."

ఆ గది మీద టైలరమ్మకి మొదట్నుంచీ కన్నుంది. కత్తిరించే బల్ల కిటికీ పక్కన, రెండో మిషన్ గోడవార, కోట్లు చూసుకునేవాళ్ళకి నిలువుటద్దం. ఇవన్నీ మనసులో ఎన్నిసార్లు సర్దుకుందో ఆమెకే తెలియదు. ఇప్పుడు "వద్దండీ" అనడానికి నోరు రాలేదు. అనాలని ఉంది, గట్టిగా అనాలని ఉంది.

"చూద్దాం లెండి" అంది.

*

సాయంత్రం కాకముందే మొగుడు వచ్చాడు, కనుబొమలమీద పిండి, చేతిలో బన్నుల సంచీ. బేకరీలో పనిచేసే మనిషి ఇంటికి బన్నులు తప్ప ఇంకేం తెస్తాడు? సంచీ విప్పి సగం వేరే పొట్లం కట్టాడు.

"ఇవి పక్కవాళ్ళకి. పాపం, ఇలాంటప్పుడు ఇల్లు వెతుక్కోవడమంటే మాటలా? బేకరీకొచ్చే ప్రతివాణ్ణీ అడుగుతున్నా, ఖాళీ గదులెక్కడైనా ఉన్నాయా అని. బ్రెడ్డు కొనడానికొచ్చినవాళ్ళు నన్ను బ్రోకరనుకుంటున్నారు."

టైలరమ్మ మిషన్ దగ్గర్నుంచి లేవలేదు. దారం తెగిపోయి చాలాసేపయినా పెడల్ తొక్కుతూనే ఉంది.

"ఇందాక వీధిలో బైండరు కనిపించాడు" అన్నాడు ఆయన బన్ను తుంచుతూ. "మేం సున్నం కొట్టించాం కాబట్టి మా వైపు గోడ నిక్షేపంలా ఉంది, మీరూ ఓసారి కొట్టించి చూడరాదా అన్నా. ఎంత మర్యాదస్తుడో, ఖాళీ చేసే ముందు కొట్టించే వెళ్తానన్నాడు. వెళ్ళిపోయే ఇంటికి సున్నం కొట్టించే మనిషిని నువ్వెక్కడైనా చూశావా?"

ఆమె పెడల్ తొక్కడం ఆపింది. ఇప్పుడు చెప్పెయ్యాలి. తనవాడే కదా, కొడతాడా, తిడతాడా? తిట్టడు. అదే బాధ. ఈయన తిట్టకుండా బన్ను పక్కన పెట్టి, "అలా ఎందుకు చేశావే?" అని మెల్లగా అడుగుతాడు. తర్వాత చొక్కా వేసుకుని తిన్నగా ఓనరమ్మ దగ్గరికి నడుస్తాడు. ఈ ఇల్లు, ఈ కిటికీ, ఈ పని, అన్నీ ఆ నడకతో పోతాయి.

"ఏమండీ" అంది.

"ఊఁ."

"ఏం లేదు. బన్ను బాగుంది."

"నువ్వింకా తినలేదు" అన్నాడాయన.

*

మర్నాడు బైండరు భార్య గౌను పట్టుకుని వచ్చింది, నడుము దగ్గర వదులు చెయ్యమని. టైలరమ్మ ఆమెని కిటికీ దగ్గర నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళమీద కూర్చుంది. కుట్లు విప్పి, గుడ్డ జరిపి, ఒక్కో సూదీ తీసి గుచ్చుతోంది. ఎదురుగా ఆమె చేతులు కనిపిస్తున్నాయి. వేళ్ళు నానిపోయి, కణుపుల దగ్గర పగిలి ఎర్రగా ఉన్నాయి.

"మెషిన్ తిరిగిచ్చేశాం కదక్కా, చేత్తోనే ఉతుకుతున్నా" అంది ఆమె, ఆ చూపు గమనించి. "వంగలేక స్టూలుమీద కూర్చుని ఉతుకుతున్నా. తప్పు నాదే కదా. ఆయన వద్దంటూనే ఉన్నాడు, ఓనరమ్మగార్ని అడిగి పెడదామన్నాడు. ఆవిడ ఒప్పుకోదేమోనని నేనే తొందరపడ్డా."

టైలరమ్మ సూది గుచ్చింది.

"ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడక్కా. తిట్టినా బాగుండేది. ఆ పుస్తకాలు ఇంకెక్కడా దొరకవట. పక్కన కూర్చుని నేనూ పేజీలు విడదీస్తానంటే లేచి వెళ్ళిపోతాడు. నీళ్ళు ఆపేసి ఇన్నాళ్ళయినా గోడ ఆరట్లేదు. ఎంత నీళ్ళు పోసి ఉంటానో చూడు నేను, ఆ గోడలో."

నువ్వు చుక్క కూడా పొయ్యలేదమ్మా అనాలి. అదీ కాకపోతే కనీసం ఏడవకమ్మా అనాలి. నోట్లో సూదులున్నాయి. సూదులు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడక్కర్లేదన్న ధైర్యంతో, ఒక్క సూది చాలిన చోట ఆమె రెండేసి గుచ్చింది.

"నీకో మాట చెప్పనా? ఏమీ అనుకోకూడదు. నిన్న నువ్వు మా వైపు పొడిగానే ఉందన్నప్పుడు నీ మీద కుళ్ళు పుట్టింది నాకు. నిజంగా. రాత్రంతా సిగ్గేసింది. ఓనరమ్మగారు చెప్పినట్టు నువ్వు విన్నావు, నేను వినలేదు. నిన్ను అనుకుని ఏం లాభం?"

సూదులన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. టైలరమ్మ దాన్ని నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుంది. ఎదుటి మనిషి ముఖంలోకి చూడలేక గౌను అంచు వైపు చూసింది.

"నడుము దగ్గర ఇంకో రెండంగుళాలు వదులుతాను" అంది.

"వదులక్కా. నాకింకా పెరుగుతుంది" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఎక్కడ ఉంటామో గానీ, పుట్టాక చూడ్డానికి వస్తావు కదూ?"

"వస్తాను" అంది టైలరమ్మ. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక చేతిలో సూది ఇంకా అలాగే ఉంది. బొటనవేలిమీద రక్తం చుక్క కనిపించేదాకా అది గుచ్చుకున్న సంగతి ఆమెకి తెలియలేదు.

*

ఆ మరుసటి పొద్దున మొగుడు బేకరీకి వెళ్ళగానే టైలరమ్మ వీధి తలుపు గడియ పెట్టింది. రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించి ఓ ఉపాయం కనిపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తన వైపు పెయింటు తనే గీకేస్తుంది. మొగుడు వచ్చేలోపు అసలు సున్నమే కొడుతుంది. అప్పుడే బకెట్టులో నానబెట్టింది కూడా. గోడకి ఊపిరాడితే అటువైపు ఆరుతుంది. ఆరితే ఓనరమ్మ మెత్తబడుతుంది. బైండరు తన భార్యతో మళ్ళీ మాట్లాడతాడు. వాళ్ళు ఇక్కడే ఉంటారు, ఆ గది తనకేం అక్కర్లేదు. తప్పు దిద్దుకోవాలి, చేసినట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఇంత చక్కటి లెక్క మనలో ఎవరు వెయ్యలేదు చెప్పండి?

కోట్ల స్టాండుని చప్పుడు కాకుండా పక్కకి లాగింది. దాని వెనక గోడని ఆమె చాలా రోజులుగా చూడలేదు. మూసిన తలుపు ఉన్నమేర కింద పెయింటు దిండులా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పొడిగానే ఉందని సాక్ష్యం చెప్పిన గోడ ఇది. పైకి తెల్లగా, నున్నగా, లోపల నీళ్ళు నింపుకుని కూర్చుంది.

కత్తెర మొన పెట్టి చీరింది. మట్టినీళ్ళు బుడుక్కున ఎగదన్ని ఆమె పాదాలమీద పడ్డాయి. కోటు లోపలి లైనింగు ఊడదీసినట్టు, అంచు పట్టుకుని లాగింది. పెయింటు పొర సర్రున పైదాకా ఊడి, గుడ్డలా చేతిలోకి వచ్చింది. దానితోపాటే నానిన గచ్చు ముద్దలు ముద్దలుగా జారింది. ఆగి ఉంటే సరిపోయేది. ఎన్నాళ్ళ భయమో చేతుల్లోకి వచ్చి, ఆపుకోలేక ఇంకా లాగింది.

ముందు ఒక ఇటుక కదిలింది. ఆమె అరచేత్తో దాన్ని ఆపబోయింది. తడిసి నానిన మట్టిలో పట్టు లేక అది ఆమె వైపే జారి కింద పడింది, దాని వెంట పక్కది, ఆ పైది. దుమ్ములో ఆమె వెనక్కి కూలబడింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే, గోడలో పెద్ద పళ్ళెమంత కన్నం. అందులోంచి వెలుతురు, వెలుతురుతోపాటు తడి అట్టల వాసన వచ్చాయి. ఆ వెలుతురులో, అవతలినుంచి అదే గోడకి సున్నం కొట్టడానికి కుంచె పట్టుకుని స్టూలుమీద కూర్చున్న మనిషి ముఖం ఉంది. వెళ్ళిపోయే ఇంటికి సున్నం కొడుతున్న బైండరు భార్య.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టైలరమ్మ చేతిలో పెయింటు పొర ఇంకా వేలాడుతోంది, ఇటు తెల్లగా, అటు బురదగా, దాని అంచునుంచి నీళ్ళు కారుతూ.

"ఏమిటా చప్పుడు? ఏం పడింది?" అవతల గదిలో, ఆమె వెనకనుంచి ఓనరమ్మ గొంతు. సామాను సంగతి అడగడానికి ఇవాళ వస్తానన్న మాట టైలరమ్మ పూర్తిగా మరిచిపోయింది. నేలమీద చేతికర్ర టక్ టక్‌మంటూ గోడవైపు వస్తోంది.

బైండరు భార్య వెనక్కి తిరిగి చూడలేదు. పొరనీ, కారుతున్న నీళ్ళనీ, టైలరమ్మ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"అక్కా," అంది, "నీ చేతిలో ఏమిటది?"

టైలరమ్మ నోరు తెరిచింది. ఈసారి నోట్లో గుండుసూదులు లేవు.